ఒకే పేరున్న రెండు కంచాలు

శ్రీనన్నా,

ముందుగా సాష్టాంగ క్షమాపణ. ఒక్కసారికే ఎవరూ గట్టెక్కని మన విశ్వవిద్యాలయ ప్రతిష్ఠకు తీరని మచ్చ తెచ్చాను: డేటాబేస్ పరీక్ష పాసయ్యాను. అదీ నీ సంవత్సరీకం నాడే.

బంద్ పుణ్యమా అని కాలేజీ లేక, కొండాపూర్ హాస్టల్లో నేను ముసుగు తన్ని పడుకుంటే, "తెలంగాణ వస్తాదేమో గానీ, చదవకుంటే నీకు మార్కులు రావు రా" అంటూ లేపేవాడివి, కడప నుంచి వచ్చిన సీనియర్‌వి. మెస్సులో మనిద్దరి కంచాల మీదా 'శ్రీనివాస్' అనే చెక్కి ఉండేది. రోజూ పంచాయితీయే.

"నా కంచం నాకియ్యమంటున్న, గంతే! మేం అడిగేది గిదే గదా!" అన్నాను ఒకసారి.

"తీసుకో నాయనా. పేరు చూసి పోల్చుకుంటే ఇంతే. అందుకే డేటాబేస్ టేబుల్లో మనిషికో నంబరుండాల," అన్నావు.

టేబుల్లో మనిషిని గుర్తుపట్టే 'కీ'గా పేరును ఎందుకు వాడకూడదని పరీక్షలో అడిగారు. మన కంచాల కథ రాశాను. ఆ మార్కులు నీవే.

నేను సొంతంగా చేసింది ఒక్కటే. నువ్వు పోయాక నీ సామాను కోసం వచ్చిన మీ అమ్మ, పేరు చూసి నా కంచం సంచిలో పెట్టుకుంది. అంచు సొట్టపోయిన నీ కంచం అప్పుడు నా చేతిలోనే ఉంది. నేను చెప్పలేదన్నా. ఇవాళ కూడా అందులోనే తిన్నాను.