నిండు తొట్టి

మనవరాలికి,

పరీక్ష రాశాకే ఈ ఉత్తరం నీకివ్వమని హాస్టలు వార్డెనమ్మకు చెప్పాను. మీ నాయనమ్మ పోయి తొమ్మిది రోజులైంది. తిట్టాలంటే నన్ను తిట్టు.

సెలవుల్లో మా ఇద్దరికీ పాఠం చెప్పావే, ఒంట్లో దానంతటది జరగని పని, ఇంకోటి ఖర్చవుతుంటే దానికి జతపడి జరుగుతుందని. "మీ తాత క్వారీలో కొండవాలు మీది రాళ్ల తొట్లే కదే పిల్లా! రెంటికీ ఒకే తాడు, నిండుది దిగితేనే ఖాళీది ఎక్కేది," అని మీ నాయనమ్మ నవ్వింది. నాకంటే ముందే అర్థమైంది దానికి.

చివర్లో నీకు కబురు పెడతానంటే నా చెయ్యి పట్టుకుంది. "నేను దిగుతున్నా, పిల్ల ఎక్కుతోంది. మధ్యలో బ్రేకు వెయ్యకు."

వెయ్యలేదు. క్వారీలో ముప్పై ఏళ్లు ఆ తొట్ల బ్రేకు పట్టాను. వెయ్యాలని చెయ్యి ఇంతగా లాగింది ఈ ఒక్కసారే.

మీ తాత