అందరికీ కనిపించిన పాస్‌వర్డ్

బుడగట్లపాలెం,
12 మార్చి 2014.

నాగబాబు బావకి,

నీ రాజకుమారి నమస్కారాలు. ఇక్కడ అత్త, నేను, నీ చెల్లి రాణి కులాసా. ఫోను పట్టని ఆ మంచుకొండ మీద కాపలాలో నువ్వూ క్షేమమే అనుకుంటాను. అత్త మోకాలు ఎలా ఉందని అడిగావు. నొప్పి అలాగే ఉంది, చేపల గంప మాత్రం మానదు.

రాణి చదువు గురించి కూడా అడిగావు. కిందటి ఉత్తరంలో దాటేశాను.

నేను పనిచేసే, రాణి చదివే మా కాలేజీలో పిల్లలకీ ఆఫీసుకీ ఒకటే యూనిక్స్ సర్వర్. మార్కుల బ్యాకప్ తీసే కమాండ్‌లోనే మా ఇన్‌ఛార్జి జగన్నాధం గారు పాస్‌వర్డ్ కూడా రాసేశారు. అది చాలాసేపు నడుస్తుంది. ఆ సమయంలో ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయని ఏ విద్యార్థి చూసినా, కమాండ్ మొత్తం పాస్‌వర్డ్‌తో సహా కనబడుతుంది. రాణి తన ప్రోగ్రాం ఎందుకు ఆగిందో చూడబోతే ఇది కంటబడింది.

"వదినా, మార్కుల పాస్‌వర్డ్ అందరికీ కనిపిస్తన్నాది. మీ సారుకి సెప్పు," అంది.

మా ఆడపడుచే కనిపెట్టిందని గొప్పగా చెప్పాను. పాస్‌వర్డ్‌ని వేరే ఫైల్లో పెట్టి, దాన్ని మనం తప్ప ఎవరూ చదవకుండా చేద్దామన్నాను.

"ఎవులు సూస్తారమ్మా? పరీక్షలయ్యాక సూద్దాం," అన్నారాయన.

వారం తిరక్కుండా ఎవరో మార్కులు మార్చేశారు. ల్యాబ్‌లో పిల్లలందరూ వాడే లాగిన్ నుంచే. తెర మీద ఎవరు ఏం చూశారన్నది ఎక్కడా నమోదు కాదు బావా. చూశానని చెప్పింది రాణి ఒక్కతే. అందుకే విచారణలో ఆ పిల్లనే నిలబెట్టారు. జగన్నాధం గారు తలెత్తలేదు.

తప్పు ఒప్పుకుని రాసిస్తే పరీక్షలకి కూర్చోనిస్తామన్నారు. లేదంటే ఏడాది పోతుంది.

"నాను మార్సనేదు వదినా. మార్సినానని ఎలా రాసీమంటావు?"

ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. రాసెయ్యమన్నది నేనే. అత్తకి తెలియకుండా వంటింట్లో కూర్చుని రాసింది. సంతకం దగ్గర పెన్ను ఆగింది. "పెట్టీ అమ్మా," అన్నాను. పెట్టింది.

మర్నాడే జగన్నాధం గారు నన్ను పిలిచి పాస్‌వర్డ్‌ని వేరే ఫైల్లోకి మార్పించారు. టీ చల్లారేలోపు అయిపోయింది.

రాణి పరీక్షలు రాస్తోంది. నిన్న బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా వెనక్కెళ్లి నిలబడింది.

"అన్నకి సెప్పకు," అంది. చెప్పేశాను. నువ్వైతే ఏం చేసేవాడివో నాకు రాయొద్దు. రాణికి మాత్రం, 'నువ్వు మార్చలేదని నాకు తెలుసు' అని ఒక్క ముక్క రాయి. నేను చెబితే ఇక నమ్మదు.

ఇట్లు,
నీ ఇల్లాలు,
రాజకుమారి