హాస్టల్ ఖర్చుకు జకాత్

సమీనా,

సంగటి గిన్నె మీద మూత పెట్టినా. నంజుకోను ఊరిబిండి పక్కనే ఉంది. పది గంటలకు నీళ్లొస్తాయి, బిందెలన్నీ పట్టు. మేకపిల్లను ఎండలో కట్టొద్దు.

నేను మసీదు కమిటీ దగ్గరికి పోతున్నా. రాత్రి నువ్వు చెప్పింది అర్థమయింది. కాలేజీ ఫీజు సర్కారు స్కాలర్‌షిప్ కింద కడుతుంది, మనం తిరిగి ఇవ్వక్కరలేదు. బ్యాంకు లోనయితే వడ్డీతో కట్టాల, వడ్డీ మన మతంలో పాపమని మీ నాయన చచ్చినా ఒప్పుకోడు. హాస్టల్ ఖర్చుకు ఇంక మిగిలింది మసీదులో పేదలకిచ్చే జకాత్ దుడ్లే. చెవుల కమ్మలు తీసి బియ్యం డబ్బాలో పెట్టినా. బంగారం పెట్టుకుని చెయ్యి చాపుతోందని అంటారేమో.

పోయిన శుక్రవారమూ పోయినా, నీకు చెప్పలేదు. ప్రతి రంజాన్‌కూ మనింట్లో దానమిచ్చే ఫిత్రా గోధుమలు తీసుకుపోయే జైనబీ, జకాత్ అడగను వచ్చినోళ్ల వరుసలో కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కకు జరిగి, “రా అక్కా, ఈడ కూచో, చోటుండాది” అనింది. ఊరికే వచ్చినానని చెప్పి తిరిగొచ్చేసినా. సిగ్గుతో ఆమె ముఖం కూడా చూడలేకపోయినా. ఈ పొద్దు ఎవరున్నా సరే, కూర్చుంటా. అందరి ముందర పేరు పెట్టి పిలుస్తారేమోనని మాత్రం భయంగా ఉంది.

వాళ్లు లేదంటే చదువు మానేస్తానని అనొద్దు తల్లీ.

అమ్మ

హాస్టల్లో పిల్లలు అడిగితే జకాత్ అనొద్దు, స్కాలర్‌షిప్ అని చెప్పు. తిరిగి కట్టక్కరలేనిదంతా ఒకటేనని నువ్వే కదా అంటివి.