వెయ్యని పంటకు వచ్చిన సబ్సిడీ

సబ్సిడీ ఆఫీసు వారికి,

నమస్కారం. మూడెకరాల్లో పొద్దుతిరుగుడు వేస్తానని మీకు దరఖాస్తు పెట్టాను. ఇంతలో మా ఆవిడకు జబ్బు చేసింది. ఆస్పత్రి చుట్టూ తిరుగుతుండగానే అదును దాటిపోయింది. ఒక్క గింజ వెయ్యలేదు. అయినా మీ డబ్బు నా ఖాతాలో పడింది. వెనక్కి ఎలా పంపాలో చెప్పండి.

ఇట్లు,
పంట వెయ్యని రైతు

తా.క. మా ఆవిడ కోలుకుంది. డబ్బు వెనక్కి పంపుతున్నానని చెప్పాక మళ్ళీ నీరసంగా ఉందంటోంది.

రైతు గారికి,

సబ్సిడీ చాలలేదన్న మీ ఫిర్యాదు అందింది. ఇంట్లో అనారోగ్యం దృష్ట్యా సానుభూతితో పరిశీలించి, ఎరువుల సాయం కూడా మంజూరు చేశాం.

భవదీయురాలు,
సబ్సిడీ గుమస్తా

తా.క. ఇకమీదట ఇలా తొందరపెట్టకండి.

గుమస్తా గారికి,

అమ్మా, నేను తీసుకోమన్నాను, ఇమ్మనలేదు. నా పొలంలో ఉన్నది గడ్డి. ఎరువేస్తే ఇంకా గడ్డే వస్తుంది.

ఇట్లు,
గడ్డి రైతు

తా.క. "ఇంకో ఉత్తరం రాయండి, ట్రాక్టరొస్తుందేమో" అంటోంది మా ఆవిడ.

రైతు గారికి,

డబ్బు వెయ్యకముందే తనిఖీ అధికారి స్వయంగా చూసి వచ్చారు. మీ పొద్దుతిరుగుడు మనిషెత్తు ఉందని రాశారు. ఉత్తమ రైతుగా మీ పేరు పంపుతున్నాం. వినయం మంచిదే, కాగితాల్లో మాత్రం వద్దు.

భవదీయురాలు,
సబ్సిడీ గుమస్తా

తా.క. సన్మానానికి ఫొటో పంపండి. పువ్వులు కూడా పడాలి.

గుమస్తా గారికి,

మీ అధికారి చూసింది గట్టుకవతల మా తోడల్లుడి పొలం. గట్టు తగాదాతో మూడేళ్ళుగా మాకు మాటల్లేవు. నన్ను దొంగను చెయ్యాలనే తన పంటను నాదని చూపించి ఉంటాడు. వదలకండి, విచారణ చెయ్యండి. ఫొటో జతచేశాను. గడ్డిలో నిలబడ్డది నేనే.

ఇట్లు,
ఉత్తమ రైతు కానివాడు

తా.క. వెనకాల పచ్చగా విరగబూసింది ఆయన పంట. బాగుంది, కాదనలేను.

రైతు గారికి,

క్షమించండి. మీ ఉత్తరాలు ఈసారి చివరిదాకా చదివాను. విచారణ జరిగింది. మీ తోడల్లుడు చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"అప్పుడు వదిన ఆస్పత్రిలో ఉంది. నేనిస్తే ఆయన పుచ్చుకోడు. సర్కారిస్తే పుచ్చుకుంటాడనుకున్నా. పొద్దున నా పేరున చూపించిన పొలాన్నే, మధ్యాహ్నం అధికారిని అటువైపు నుంచి తీసుకొచ్చి ఆయన పేరున చూపించా. ఆయన గుర్తుపట్టలేదు."

తప్పుడు సమాచారమిచ్చినందుకు ఆయన సబ్సిడీ రద్దయింది. వచ్చే రెండు పంటలకూ రాదు. ఆ కాగితం టైపు చేసింది నేనే.

భవదీయురాలు,
సబ్సిడీ గుమస్తా

తా.క. మీ డబ్బు వెనక్కి తీసుకోవడానికి మా దగ్గర ఫారం లేదట.

అమ్మా,

మీ ఉత్తరం మా ఆవిడకు చదివి వినిపించాను. అటు తిరిగి పడుకుంది. డబ్బు పట్టుకుని తోడల్లుడి ఇంటికి వెళ్ళాను. ఆయన దానివంక చూడనైనా చూడలేదు.

"ఆఫీసుకైతే అన్నేసి ఉత్తరాలు రాశావు. గట్టు దాటొచ్చి నన్నొక్క మాట అడగలేకపోయావా అన్నయ్యా?" అన్నాడు.

గుమ్మం దగ్గరే కూర్చున్నాను. లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు.

ఇట్లు,
ఆ ఉత్తరం రాయకుండా ఉండాల్సినవాడు

తా.క. ఆ రెండు పంటలకూ నా మూడెకరాలు కూడా ఆయన్నే దున్నుకోమన్నాను. "చూద్దాం" అన్నాడు. మూడేళ్ళలో ఆయన నాతో అన్న రెండో మాట అది.