అన్న తీసేసిన సగం

మంగళవారం, హనుమకొండ

అన్న పెళ్లికార్డుల దుకాణంలో ఉన్న ఒక్క కంప్యూటర్‌లోనే, ఆయన్ను బతిమాలి, విండోస్ పక్కన లినక్స్ అనే ఇంకో సిస్టం కూడా వేసుకున్నాను. నా కాలేజీ ప్రాజెక్టంతా అందులోనే ఉంది. ఆన్ చేసినప్పుడల్లా ఏది కావాలో అడుగుతోందని అన్నకు విసుగు.

ఇవాళ వెళ్లేసరికి తెర నల్లగా ఉంది. విండోస్ కూడా రావట్లేదు. "మా చెల్లె ఏందో ఎక్కిచ్చింది, సిస్టం ఖరాబైంది," అని అన్న కస్టమర్‌కు చెప్తున్నాడు.

"నువ్వేం ముట్టుకున్నవ్ అన్నా?"

"నీ లినక్స్ ఫార్మాట్ కొట్టిన. జాగా ఉత్తగనే పోతాంది కదా. జర బాగుచెయ్యి."

ఏది కావాలో అడిగే మెనూ కూడా లినక్స్‌తోపాటే పోతుందని, అది లేకుంటే విండోస్ కూడా రాదని ఆయనకేం తెలుసు!

పెన్‌డ్రైవ్ పెట్టి అరగంటలో విండోస్ లేపాను. కార్డుల డిజైన్లన్నీ భద్రంగా ఉన్నాయి. లినక్స్‌తోపాటు పోయిన నా ప్రాజెక్టు సంగతి అడుగుతాడేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.

"ఇంకేంది, చాయ్ పెట్టుపో," అన్నాడు.

పెట్టాను. ప్రాజెక్టు పోయిందని నోరు తెరిచి చెప్పనందుకు, అన్న మీదకంటే నా మీదే ఎక్కువ కోపంగా ఉంది.