నాలుగో ఊపిరి

మా గురువుగారన్నయ్యకి,

రజతోత్సవ వేదిక మీద నువ్వు మొదట విప్పే ప్రతిలోనే ఈ ఉత్తరం పెడుతున్నాను. నీ పుస్తకం కుట్టిన బైండరు నీ చెల్లెలే మరి.

'ఏడు శ్వాసల సాధన' నీకెలా దొరికిందో చదివాను. కొండగుహలో ఎవరో మహానుభావుడు చెవిలో చెప్పాడట! ఎంత చక్కగా కోతలు కోశావు అన్నయ్యా! మనమ్మ లాండ్రీలో ఇస్త్రీ యంత్రం ముందు ముప్పై ఏళ్ళు నిలబడింది. మూత దించి ఏడు ఊపిరులు లెక్కపెట్టేది. ఎనిమిదో దానికి గుడ్డ మాడేది. బడి వదిలాక మనిద్దరం బట్టల మూటల మీద కూర్చుని ఆమెతోపాటు లెక్కపెట్టలేదూ? ఆ లెక్కే ఇప్పుడు ఒత్తిడి తగ్గించే విద్య అయిపోయింది. ఆఫీసులవాళ్ళు బస్సులేసుకుని వస్తున్నారు.

నాలుగో ఊపిరికి నీ శిష్యులంతా తల ఎడమకి తిప్పుతారు. దానికి 'అంతర్వీక్షణం' అని పేరుపెట్టి పదహారు పేజీలు రాశావు. ఓరి దేవుడా! అమ్మ తిప్పేది సూపర్‌వైజరు వస్తున్నాడేమోనని! తలుపు అటువైపుండేది. కుడివైపుంటే మీరంతా కుడికి తిప్పి తరించేవాళ్ళు.

నవ్వుకుని ఊరుకునేదాన్నే. కానీ పోయినేడు అమ్మ ముచ్చటపడి నీ హాలుకొచ్చింది. అంతమందీ ఒక్కసారి ఎడమకి తిరిగేసరికి నవ్వాపుకోలేక, "సూపర్‌వైజరు రాలేదులే, ఇటు తిరగండి" అంది. నువ్వు మైకులో, "ఎవరో మతిలేని ముసలావిడ, బయటికి పంపండి" అన్నావు. ఆమె కళ్ళలోకి చూసి మరీ అన్నావు. పక్కనే ఉన్నాను, చూశాను. ఇంటికొచ్చాక అమ్మ, "నన్ను గుర్తుపట్టలేదే. వాడికి చూపు తగ్గినట్టుంది, పాపం" అంది. ఆ 'పాపం' విన్నప్పట్నుంచి నిన్ను క్షమించలేదు, క్షమించను.

అందుకే గుహ అధ్యాయం పీకేశాను. లాండ్రీ కథ నేనే రాసి, అమ్మ ఫోటోతో అచ్చువేయించి, ప్రతి కాపీలోనూ కుట్టాను. నువ్విది చదివేసరికి హాల్లో అందరి చేతుల్లోనూ ఉంటుంది. ఎన్నని లాక్కుంటావు?

ఇంకొక్క మాట. మీవాళ్ళు నాకు పుస్తకాల బల్ల ఎడమవైపు తలుపు దగ్గరే ఇచ్చారు. అక్కడ కుర్చీ వేసి అమ్మని కూర్చోబెడతాను. "అన్నయ్యే రమ్మన్నాడు" అని అబద్ధం చెప్పాను. పొద్దుట్నుంచి మూడుసార్లు తల దువ్వుకుంది.

మొదలుపెట్టు అన్నయ్యా, అందరూ కాచుకుని ఉన్నారు. నాలుగో ఊపిరికి హాలంతా అమ్మవైపు తిరుగుతుంది. నువ్వెటు చూస్తావో చూస్తాను.

నీ చెల్లెలు,
బుడ్డి