కూత ఆగిన తర్వాత

అడిలైడ్,
ఆగస్టు 19, 1990.

ఒరేయ్ అబ్దుల్,

జవాబు రాయలేదని ఈపాటికి నన్ను నాలుగు తిట్టి ఉంటావు. ఇంకో నాలుగు తిట్టు, పడతాను. మీ మామ బట్టల కొట్టులో శ్రావణమాసం బేరాలు అయిపోవచ్చాయి గదా, తీరిగ్గా తిట్టు.

నేనిక్కడ ఒక తిక్కపని చేశాను. మా కాలేజీ కుర్రాళ్ళు అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ జట్టు కడుతుంటే పోయి చేరాను. ఈ ఊళ్ళో దాన్ని గ్రిడైరన్ అంటారు. పేరుకే ఫుట్‌బాల్ గానీ కాలితో తన్నేది తక్కువ. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని ఒకడు పరిగెత్తుతాడు, వాణ్ణి పడగొట్టాలి. నా పని అంతే. నెత్తిన ఇనప చువ్వల టోపీ, భుజాల మీద దిండ్లు. చీరాల కుర్రాడికి ఇదొక లెక్కా అనుకున్నాను.

ఇవాళ మొదటి మ్యాచ్ ఆడాం. బంతి ఉన్నవాడి కాళ్ళు పట్టాను, పడ్డాడు. విజిల్ వేశారు. నేను వదల్లేదు. అంపైరు పసుపు గుడ్డ విసిరి మా జట్టుకి పదిహేను గజాల శిక్ష వేశాడు. కాసేపటికి మళ్ళీ అదే తప్పు, మళ్ళీ పసుపు గుడ్డ. మా కోచ్ మిక్ పగలంతా కుళాయిలు బిగించే ప్లంబరు, నోటికి మాత్రం బిగింపు లేదు. "విజిల్ వినపడలేదా మేట్? చెవుల్లో ఏం పెట్టుకున్నావ్?" అని మైదానం అదిరేలా అరిచాడు.

వాడికి ఏమని చెప్పను? కబడ్డీలో మనకి దొరికినవాడి కూత ఆగితేనే గదా మనం వదిలేది. ఇక్కడ వీళ్ళు నోరు మూసుకుని పరిగెత్తుతారు. నా చెవి వాడి గొంతు దగ్గరే ఉండిపోయింది. ఓడిపోయాం. కుర్రాళ్ళు మంచివాళ్ళు, నవ్వి ఊరుకున్నారు.

నేనుంటున్న ఇంటి ఎల్సా ఆంటీది ఒంగోలు, ఇక్కడ నర్సు. గుమ్మంలోనే పట్టుకుంది. "ఏం బెన్‌హర్, సండే మధ్యాహ్నం కూడా నీకు కుస్తీలేనా? చర్చ్‌కి ఎప్పుడొస్తావ్, హాస్పిటల్‌లో నేను కట్టు కట్టాకా?" అంది.

ఈ మధ్య ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను రా. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి మూడుసార్లు లేచాను.

నీ,
బెన్‌హర్

* * *

అడిలైడ్,
అక్టోబరు 7, 1990.

అబ్దుల్,

ఏడు మ్యాచ్‌లు ఆడి అయిదు గెలిచాం. విజిల్ వినడం నేర్చుకున్నాను. మిక్ ఇప్పుడు నన్ను కొత్తవాళ్ళకి చూపించి, "బెన్ పట్టాడంటే ఉడుం పట్టే" అనే అర్థం వచ్చేలా ఏదో అంటాడు. యూనివర్సిటీలో ముఖం తెలియనివాళ్ళు కూడా పలకరిస్తున్నారు. సంతోషించాలి గదా. సంతోషంగా లేను.

ఇవాళ అవతలి జట్టు కుర్రాడి మోకాలు తిరిగిపోయింది. నేను కాదు, మావాడొకడు వాడి కాలి మీద పడ్డాడు. వాడు పెట్టిన కేక మైదానమంతా వినపడింది. వాణ్ణి స్ట్రెచరు మీద తీసుకెళ్తుంటే రెండు జట్లూ చప్పట్లు కొట్టాయి. ఇక్కడ అది మర్యాద. నేను చేతులెత్తలేకపోయాను. పక్కకి పోయి గడ్డిలో కూర్చున్నాను. పిలిచినా లేవలేదు.

నీకొకటి చెప్పాలి. ఎన్నాళ్ళనుంచో చెప్పాలి. ఈ ఏరోగ్రామ్‌లో చోటు అయిపోయింది.

అబద్ధం. చోటుంది, చూస్తూనే ఉన్నావు. నాకే చేతకావడం లేదు.

బెన్‌హర్

* * *

అడిలైడ్,
నవంబరు 25, 1990.

అబ్దుల్,

పోయిన ఆదివారం ఫైనల్ జరిగింది. నావల్ల ఓడిపోయాం.

ఇంకా ఒక నిమిషం ఆట ఉంది, మేం నాలుగు పాయింట్లు ముందున్నాం. అవతలివాళ్ళలో పొడుగాటివాడొకడు బంతితో దూసుకొచ్చాడు. వాడికీ మా చివరి గీతకీ మధ్య నేనొక్కణ్ణే, అది దాటితే వాళ్ళకి ఆరు పాయింట్లు. రెండు కాళ్ళూ కలిపి పట్టాను. పడబోతున్నాడు, ఇంకా పడలేదు. వాడి గొంతులోంచి ఒక మూలుగు వచ్చి టక్కున ఆగిపోయింది. వదిలేశాను. విజిల్ లేదు. వాడికే నమ్మకం కలగలేదు, ఒక క్షణం నా వంక చూసి, నిలదొక్కుకుని, నడిచినంత తేలిగ్గా గీత దాటాడు.

మిక్ అరవలేదు. "ఎందుకు వదిలావ్?" అని మెల్లగా అడిగాడు. చెయ్యి జారిందన్నాను. జారలేదు. మూలుగు ఆగగానే నాకు బాపట్ల గుర్తొచ్చింది.

ఇప్పుడు రాస్తాను, ఆపకుండా రాస్తాను. ఆరేళ్ళ కిందట బాపట్ల కబడ్డీ సెలక్షన్లలో మనిద్దర్నీ చెరో పక్కన నిలబెట్టారు. మిగిలింది ఒక్క చోటే. నువ్వే నాకంటే మంచి ఆటగాడివి, అది నాకూ తెలుసు, సెలక్టర్లకీ తెలుసు. నువ్వు కూతకొచ్చావు. నీ చీలమండ పట్టాను. నీ కూత ఆగింది. ఆగడం నేను విన్నాను రా. విన్న తర్వాత నీ కాలు మెలిపెట్టాను. ఆటలో అయ్యిందని అందరూ అన్నారు, నువ్వూ అన్నావు, నేను తల వంచుకుని ఊరుకున్నాను. నీ చోట్లో రాష్ట్ర జట్టుకి ఆడాను. ఆ సర్టిఫికెట్ మీదే స్పోర్ట్స్ కోటాలో ఇంజనీరింగు సీటు వచ్చింది. ఆ చదువు మీదే ఈ దేశం వచ్చాను. నువ్వు మోకాలు మడవలేక కుర్చీలో కూర్చుని నమాజు చదువుతావు. పోయినేడు వచ్చినప్పుడు చూశాను. చూసి, మీ ఇంట్లోనే కడుపు నిండా తిని వచ్చాను.

నేను నీచుణ్ణి. ఆ పొడుగువాణ్ణి వదిలినప్పుడు మాత్రం, ఎవరికీ చెప్పకు, నాకు హాయిగా అనిపించింది. నన్ను క్షమించగలవా?

బెన్‌హర్

* * *

చీరాల,
డిసెంబరు 14, 1990.

ఒరేయ్ బెన్‌హర్,

నీ ఉత్తరం కొట్టులోనే విప్పాను. కళావతి టీచరుగారు జాకెట్టు గుడ్డ చింపమని నిలబడి ఉన్నారు. మీటరు చింపబోయి మీటరున్నర చింపాను. మామ తిట్టాడు.

నాకు తెలుసు రా. ఆ రోజే తెలుసు. నా కూత ఆగగానే నీ పట్టు సడలింది. ఆ తర్వాత బిగిసింది. సడలకుండా ఉంటే పొరపాటనే అనుకునేవాణ్ణి.

సెలక్షన్ సారు నన్నడిగారు, "వాడు కావాలని చేశాడా?" అని. కాదన్నాను. అవునంటే నీ చోటూ పోతుంది, అది పక్క ఊరివాడెవడికో పోతుంది. నా కాలు ఎలాగూ పోయింది. ఇద్దరికీ ఎందుకు పోవాలి అనుకున్నాను. గొప్పవాణ్ణని కాదు, నొప్పిలో అంతకంటే ఆలోచన రాలేదు. ఇన్నాళ్ళూ ఎదురు చూశాను. ప్రతి ఉత్తరం చివరి ముక్క ముందు చదివేవాణ్ణి, ఇందులోనైనా చెప్పాడేమోనని. ఎల్సా ఆంటీ కబుర్లు నాకెందుకు రా?

క్షమించమన్నావు. ఇప్పుడు నావల్ల కాదు. నువ్వు చెప్పేసి తేలికపడ్డావు, నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నేను కొట్టులో ఒక చోట కూర్చోలేకపోతున్నాను. ఇంకో మాట. ఆ పొడుగువాణ్ణి వదిలి నాకేదో మంచి చేశానని అనుకోకు. నీతో ఆడిన ఆ పిల్లలు నాకేం అపకారం చేశారు? నా కాలు అడ్డం పెట్టి వాళ్ళ ఆట పాడు చేశావు. పోయి ఆ మిక్‌కి నిజం చెప్పు.

కాగితం మీద ఇలాంటివి ఒప్పుకుంటే నేను ఒప్పుకోను. సెలవులకి రా. ఎదురుగా నిలబడి చెప్పు. కొడతానో, వాటేసుకుంటానో నాకే తెలియదు. రాకపోతే మాత్రం ఇదే నా ఆఖరి ఉత్తరం.

మా అమ్మకి నేను చెప్పలేదు, చెప్పను కూడా. కుర్చీలో కూర్చున్న నా పక్కనే నమాజు చదువుకుని, దువాలో అల్లాని వేడుకునేటప్పుడు ఇప్పటికీ నా పేరు తర్వాత నీ పేరే చెబుతుంది. ఆవిడకి నువ్వే చెప్పాలి.

అబ్దుల్